కడిగి ఆరబెట్టిన ప్యాకెట్లు

ఆ గదిలో ఉన్నవి: కిటికీ ఒకటి, దాని అవతల పార్కింగ్ లాట్, ఇంకా అవతల పైన్ చెట్లు. తెల్లటి బల్లలు రెండు. గ్రాములో వందో వంతు వరకు చూపే త్రాసు ఒకటి. మూడు సైజుల్లో గ్లవ్స్. గోడకు ఆనించి అట్టపెట్టెలు, రోజును బట్టి ఇరవై నుంచి యాభై దాకా. నీళ్లు కాచుకునే ఎలక్ట్రిక్ కెటిల్ ఒకటి. నిబంధన ప్రకారం అది తలుపుకు బయట ఉండాలి కాబట్టి, సరిగ్గా ఆరంగుళాలు బయట ఉండేది.

మనుషులం ముగ్గురం. మా సూపర్‌వైజర్, ఇక్కడి అమెరికన్ ఆవిడే, పాతికేళ్లు ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసి వచ్చింది. మా మూలికల కన్సల్టెంట్, అరవై దాటిన చైనా ఆవిడ, వాళ్ల దేశంలో రెండు రకాల వైద్యమూ చేసింది. మూడోవాణ్ని నేను. మాస్టర్స్ పూర్తయి నాలుగు నెలలు. బ్యాడ్జి మీద ఫోటోలో కూడా కంగారుగానే ఉండేవాణ్ని.

ఆ ఉద్యోగం వదిలి ఆరేళ్లయింది. నాకిప్పుడు ముప్పై నాలుగు. జ్ఞాపకాలు రాసుకునే వయసు కాదని నాకూ తెలుసు. కానీ ఆ పని నుంచి మాత్రం రిటైరైనట్టే లెక్క. ఆ కంపెనీ ఇప్పుడు లేదు. మోరిస్‌విల్‌లో ఆ గది ఉన్న చోట పిల్లల కరాటే స్కూలు నడుస్తోంది. ఫార్మసీ చదివి, మొదటి ఉద్యోగంలో చేరబోతూ "అన్నా, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని ఫోన్ చేసే తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. మా లైన్‌లో మనుషులకు నంబర్లే ఉంటాయి, ఆ అలవాటు పోలేదు.

పని గురించి అవసరమైనంత వరకే చెబుతాను. హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు. పంపు బలహీనపడటం. పంపు బలం తగ్గితే ఒంట్లో నీరు నిలుస్తుంది. కాళ్లు వాస్తాయి, ఊపిరి అందదు. దీనికి డాక్టర్లు ఇచ్చే మాత్రలు ఉన్నాయి, నిలిచిన నీటిని మూత్రంలో దించే 'నీళ్ల మాత్ర'తో సహా. చైనాలో తరతరాలుగా వాడే మూలికలూ ఉన్నాయి. ఈ మాత్రలకు ఆ మూలికలు తోడైతే మేలు జరుగుతుందా లేదా అన్నది మా పరీక్ష. పాల్గొనేవాళ్లు తమ మాత్రలు మానకూడదు. వాటితో పాటు రోజుకు రెండు ప్యాకెట్ల పొడి వేడినీళ్లలో కలుపుకొని తాగాలి. సగం మందికి అసలు మూలికల పొడి, సగం మందికి అచ్చం అలాగే కనిపించే డమ్మీ. ఎవరికి ఏది వెళుతోందో వాళ్లకు తెలియదు, డాక్టర్లకు తెలియదు, మాకూ తెలియకూడదు.

పెట్టెకు యాభై ఆరు ప్యాకెట్లు, నాలుగు వారాలకు. నెల తిరిగేసరికి క్లినిక్కుల నుంచి ఖాళీ ప్యాకెట్లు, మిగిలినవి, మా బల్ల మీదికి వచ్చేవి. నా ఉద్యోగం వాటిని లెక్కపెట్టడం.

చెప్పుకోవడానికి గొప్పగా ఉండదు. కానీ ఆ గదిని తలుచుకుంటే ఇప్పటికీ మాడిన చక్కెర పాకం, తడి మట్టి కలిసిన వాసన వస్తుంది. ఆ ఇద్దరు ఆడవాళ్లూ రోజూ పదిన్నరకు కెటిల్ దగ్గర నిలబడి పోట్లాడుకునేవారు. ఇంగ్లీషులో అనుకున్నవి తెలుగులో చెబుతున్నాను.

"మీ పాత గుండె మందు ఒకటి ఆకులోంచే వచ్చింది కదా," అనేది చైనా ఆవిడ.

"వచ్చింది. తూకం వేయడం నేర్చుకున్నాకే అది మందైంది. అంతకుముందు విషం," అనేది మా సూపర్‌వైజర్.

"నేను ఒక్కో మనిషికి ఒక్కో కషాయం రాస్తాను. వారం వారం మారుస్తాను. ఇక్కడ అందరికీ ఒకే ప్యాకెట్. ఇది నా వైద్యం కాదు. నా వైద్యానికి పాస్‌పోర్ట్ ఫోటో."

"ఫోటోలో నవ్వకూడదు మరి," అని సూపర్‌వైజర్ తన కప్పు ముందుకు జరిపేది. టీ పోసేది మాత్రం ఎప్పుడూ చైనా ఆవిడే.

నేను చేసిన తప్పులు రెండు. మొదటిది నా ముక్కు. వేల ప్యాకెట్లు విప్పాక, కొన్ని పెట్టెల వాసన ఘాటుగానూ కొన్ని చప్పగానూ ఉన్నట్టు నాకు అనిపించింది. ఘాటువి అసలైనవి, చప్పవి డమ్మీ అని తేల్చుకున్నాను. ఇది వెంటనే పైవాళ్లకు చెప్పాల్సిన విషయం. చెప్పలేదు. జేబులో పట్టే నోట్‌బుక్కులో పాల్గొనేవాళ్ల నంబరు, పక్కన 'అ' లేదా 'డ' అని రాసుకుంటూ పోయాను. పరీక్ష అయ్యాక చూపించి అందరినీ ఆశ్చర్యపరుద్దామని. ఇరవై ఐదేళ్ల వయసులో అది తెలివి అనుకున్నాను.

రెండోది ఒక నంబరు మీద నాకు కలిగిన ఇష్టం. ఆ నంబరు నుంచి వచ్చే ఖాళీ ప్యాకెట్లు మిగతావాటిలా నలిగి, పొడి అంటుకుని ఉండేవి కావు. కత్తెరతో ఒకే అంచున కత్తిరించి, కడిగి, ఆరబెట్టి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండు వేసి వచ్చేవి. ఐదు కట్టలు, విడిగా ఆరు. ప్రతి నెలా యాభై ఆరుకు యాభై ఆరు. సూపర్‌వైజర్ ముచ్చటపడి వాటిని ఫోటో తీసి, 'ఇలా ఉండాలి' అని రాసి గోడకు అంటించింది. అవి చూడగానే అది మన దేశపు వంటింటి నుంచి వచ్చిందని నాకు అర్థమైంది. పాల ప్యాకెట్టు కడిగి బోర్లించే చేతులు అవి. ఏ ఇల్లో తెలియదు, తెలుసుకోకూడదు కూడా. నాలుగు నెలలు వరసగా 'వంద శాతం వాడారు' అని సంతకం పెట్టాను. నోట్‌బుక్కులో మాత్రం 'డ' అని రాసుకున్నాను, వాసన లేదు కాబట్టి. కడిగిన ప్యాకెట్టుకు వాసన ఎందుకుంటుందని నాకు తోచలేదు.

ఇక ఆ శనివారం. ఏప్రిల్ నెల, పైన్ చెట్ల పుప్పొడి రాలి ఊళ్లో కార్లన్నీ పసుపు పూసినట్టు ఉన్నాయి. పక్క ఊరు క్యారీలో మా పాత రూమ్మేట్‌కి దూరపు బంధువులు ఉండేవారు. రూమ్మేట్ పెళ్లి చేసుకుని డాలస్ వెళ్లిపోయినా నా శనివారం భోజనం మాత్రం ఆగలేదు. అంకుల్ రిటైరైన ఇంజనీరు. ఆంటీది ఎవరినీ ఖాళీ కడుపుతో గడప దాటనివ్వని స్వభావం. నేను వెళ్లి ఐదారు వారాలయింది.

లోపలికి వెళ్లగానే అంకుల్ రిక్లైనర్‌లోంచే చెయ్యి ఊపాడు. "రావయ్యా వరంగల్. కార్ వాష్ చేయించావా, లేక అలాగే హల్దీ ఫంక్షన్‌కి తీసుకెళ్తున్నావా?"

ఆయన నన్ను మా ఊరి పేరుతోనే పిలుస్తాడు. నవ్వాను. మామూలుగా ఆయన తలుపు దాకా వచ్చేవాడు. రిక్లైనర్ మీద దిండు, మడిచిన దుప్పటి ఉన్నాయి. ఆ మాట అన్నాక ఆయన ఒక్క క్షణం ఆగి ఊపిరి తీసుకున్నాడు. అప్పుడు నేను పట్టించుకోలేదు.

వంటింట్లో ఆంటీ పులుసుకు పోపు వేస్తోంది. సింక్ పైన కిటికీ దగ్గర మామూలుగా జిప్‌లాక్ బ్యాగులు కడిగి బోర్లిస్తుంది. వాటి పక్కన, గరిటెల స్టాండు పుల్లలకు తొడిగి, వెండి రంగు ప్యాకెట్లు రెండు ఆరుతున్నాయి. ఒకే అంచున కత్తిరించినవి.

దగ్గరికి వెళ్లి వాటి అంచులు చూశాను.

"ఏంటయ్యా అట్లా చూస్తున్నావ్? ప్యాకెట్లు కడిగితే నవ్వొస్తోందా?"

"లేదాంటీ. ఇవి ఎవరివి?"

"మీ అంకుల్‌వే. హార్ట్ డాక్టర్ స్టడీలో జాయిన్ చేసుకున్నాడు. చైనా పొడి. ఎవరికీ చెప్పద్దన్నారు, నువ్వు మన ఇంటి మనిషివే కదా. ఎంత బాగా పనిచేసిందనుకున్నావ్! సంక్రాంతప్పుడు మెట్లెక్కలేని మనిషి, ఫిబ్రవరికల్లా చెరువు చుట్టూ వాక్ చేసి వచ్చాడు."

చేతులు తుడుచుకుని, ప్యాంట్రీ తలుపు తీసి, కిలో పెరుగు డబ్బా ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది. మూత తీస్తే లోపల ముదురు గోధుమరంగు పొడి, ముప్పావు వంతు దాకా.

"ఇదేంటాంటీ?"

"ఆర్నెల్లయ్యాక ఇవ్వరంట. బయట షాపుల్లో కూడా దొరకదంట. అప్పుడేం చేయను? అందుకని ప్యాకెట్‌లో సగం కలిపి ఇస్తా, సగం దాస్తా. ఇంకో ఆర్నెల్లు వస్తుంది." గొంతు తగ్గించింది. "ఆయనకి తెలీదు. నేను కలిపి ఇస్తే తాగుతాడు, అంతే. మందు డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు ఆయనకి."

డబ్బా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంగువ పోపు ఘాటులో పాకం వాసన ఒక్కటే తెలిసింది. మూలికల వాసన లేదు. డమ్మీ, అనుకున్నాను. నోట్‌బుక్కులో ముందే రాసి ఉన్నాను కదా. ఈవిడ నాలుగు నెలలుగా దాచుకుంటున్నది రంగు కలిపిన పిండి.

"మరి మాత్రలు?"

"వేస్తున్నాలే. ఆ నీళ్ల మాత్ర ఒక్కటి తగ్గించా. గుడికెళ్తే ముప్పావు గంటకోసారి బాత్రూమ్. మనిషిని పిండేస్తోందయ్యా అది. ఈ పొడి పనిచేస్తోందిగా, ఇంక అదెందుకు? రెండు రోజులకొకటి ఇచ్చేదాన్ని. పోయిన వారం నుంచి అసలు ఇవ్వట్లా. ఇంగ్లీషు మందు వేడి, ఇదేమో చలువ."

అప్పుడు రిక్లైనర్, దిండు, దుప్పటి, తలుపు దాకా రాకపోవడం, మాట మధ్యలో ఆగిన ఊపిరి, అన్నీ ఒక వరసలో వచ్చి నిలబడ్డాయి. హాల్లోకి వెళ్లి కార్పెట్ మీద కూర్చున్నాను.

"అంకుల్, ఒకసారి సాక్స్ తీస్తారా?"

"ఏంటి, పాదపూజా? మీ ఆంటీ చూస్తే ఫీలవుతుంది."

సాక్స్ ఎలాస్టిక్ ఉన్న చోట చర్మంలో గాడి పడి ఉంది. మోకాలి కింద, ముందు ఎముక మీద బొటనవేలితో నొక్కి వదిలాను. గుంట అలాగే ఉండిపోయింది.

"రాత్రిళ్లు ఇక్కడే పడుకుంటున్నారా?"

"పది రోజుల నుంచి. పడుకుంటే దగ్గొస్తోంది. పుప్పొడి సీజన్ కదా, ఎలర్జీ."

"రోజూ పొద్దున బరువు చూసుకోమని చెప్పుంటారు కదా?"

"స్కేల్‌లో బ్యాటరీ అయిపోయింది. కాస్ట్‌కోకి వెళ్లినప్పుడు తేవాలి."

వంటింట్లోకి తిరిగి వెళ్లాను. ఆంటీ పెరుగు డబ్బా మూత బిగిస్తోంది.

"ఆంటీ, అంకుల్‌కి నీరు నిలిచింది. ఇప్పుడే హాస్పిటల్‌కి వెళ్లాలి. ఆ నీళ్ల మాత్ర మానకుండా ఉండాల్సింది."

"అదేంటి, పొడి పనిచేస్తుంటే నీరెందుకు నిలుస్తుంది? ఎలర్జీ అది. భోంచేసి కాసేపు పడుకుంటే తగ్గుతుంది. సోమవారం ఎటూ అపాయింట్‌మెంట్ ఉంది."

నాలిక చివర ఒకే ఒక్క మాట ఉంది: ఆంటీ, అందులో ఏమీ లేదు, అది పిండి. ఆ మాట అంటే ఆవిడ నమ్మకం అక్కడికక్కడే కూలిపోతుంది, మాత్ర వెంటనే బయటికి వస్తుంది, అందరం కారెక్కుతాం. అనకూడదని ఉద్యోగంలో చేరినప్పుడే సంతకం పెట్టాను. కానీ నన్ను ఆపింది సంతకం అని చెప్పను. నోరు తెరిచాను కూడా. అప్పుడే అంకుల్ మంచినీళ్ల కోసం లేచి, పది అడుగులు వేసి, వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. జోకు వేయబోయాడు. మాట పూర్తి కాలేదు.

"పొడి సంగతి నాకు తెలీదాంటీ," అన్నాను. "కాలు సంగతి తెలుసు. మీరే వచ్చి ఒకసారి నొక్కి చూడండి."

ఆంటీ వచ్చి, నేల మీద కూర్చుని, ఆయన కాలు నొక్కి చూసింది. గుంట పడింది. నిండుతుందేమోనని చూస్తూ కూర్చుంది. నిండలేదు. స్టవ్ మీద పులుసు పొంగుతోంది. లేచి స్టవ్ ఆపి, "కార్ తియ్యి," అంది.

అంకుల్ పర్సులో స్టడీ కార్డు ఉంది. దాని మీది నంబరుకు దారిలో ఫోన్ చేశాను. ఎమర్జెన్సీలో నర్సు ఆయన్ని అడిగింది: "పొడి రోజుకు రెండుసార్లు తాగుతున్నారా?" "యెస్." "మాత్రలన్నీ వేసుకుంటున్నారా?" "యెస్, యెస్." ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆయనకు తెలిసింది అంతే. నర్సు ఆంటీ వైపు ఒకసారి చూసి, "మీ మందులు మీకు ఎవరిస్తారు?" అంది.

ఆంటీ క్లాసులో పిల్లలా చెయ్యెత్తింది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పెరుగు డబ్బా తీసి మంచం మీద పెట్టింది.

అంకుల్ ఆక్సిజన్ గొట్టం వెనక నుంచి డబ్బాను చూశాడు. "పెళ్లయినప్పట్నుంచి స్వీట్లు దాస్తోంది, ఎక్కడ దాచినా పట్టుకున్నాను," అన్నాడు నాతో, మాటమాటకీ ఆగుతూ. "మందు దాస్తుందని తట్టలేదయ్యా." ఆంటీ అటు తిరిగి ఏడ్చింది.

నరంలోకి సూది పెట్టి అదే నీళ్ల మందు ఇచ్చారు. నాలుగు రోజులకు ఇంటికి పంపారు. ఇంకో రెండు రోజులు ఎలర్జీ అనుకుని ఉంటే పంపేవాళ్లం కాదని డాక్టరు నాతో విడిగా అన్నాడు.

సోమవారం పొద్దున్నే సూపర్‌వైజర్ ముందు నిలబడి అంతా చెప్పాను: ఆ ఇల్లు నాకు తెలుసని, కడిగిన ప్యాకెట్లు చూసి నాలుగుసార్లు వంద శాతం అని సంతకం పెట్టానని, నోట్‌బుక్కు ఉందని. ఆవిడ అరవలేదు. ముందు గోడ మీది ఫోటో తీసి సొరుగులో పెట్టింది.

"పొడి ఏమిటో ఆవిడకు చెప్పావా?"

"లేదు."

"చెప్పాలనుకున్నావా?"

"అనుకున్నాను."

"రెండూ రాయి," అని ఫారం నా ముందుకు తోసింది.

చైనా ఆవిడ కెటిల్ దగ్గరే ఉంది. ఆ డమ్మీ పొడి తయారు చేయించింది ఆవిడే. రంగు, చేదు, వాసన కుదరడానికి ఏడాది పట్టిందని మాకు చాలాసార్లు చెప్పింది. నా వైపు చూసి, "మంచి ముక్కు," అంది. ఆ రోజు నాకు టీ పోయలేదు.

నోట్‌బుక్కును కవర్‌లో పెట్టి, సీలు వేసి, దాని మీద ముగ్గురం సంతకాలు చేశాం. నన్ను లెక్కల బల్ల నుంచి తీసి లేబుళ్లు ప్రింటు చేసే పనిలో వేశారు. రోజూ పదిన్నరకు లేబుల్ మెషీన్ దగ్గర నుంచి చూస్తే, తలుపు సందులోంచి ఆ ఇద్దరూ కెటిల్ దగ్గర వాదించుకోవడం కనిపించేది, మాటలు వినిపించేవి కావు. అప్పటికే ఆ గది మీద బెంగ మొదలైంది. మూడు వారాల తర్వాత ఒక పదిన్నరకు చైనా ఆవిడ ఒక కప్పు తెచ్చి మెషీన్ పక్కన పెట్టి వెళ్లిపోయింది.

క్లినిక్కులకు పంపే ప్రశ్నల జాబితాలో రెండు మార్పులు జరిగాయి. ఒకటి, ప్యాకెట్లు కడగవద్దని చెప్పాలి. రెండు, కొత్త ప్రశ్న: 'ఇంట్లో మీ మందు ఎవరు కలిపి ఇస్తారు? వాళ్లతో మాట్లాడవచ్చా?' ఇంగ్లీషు ఫారాల్లో రోగి తన మందు తానే వేసుకుంటాడు. మన ఇళ్లలో చాలామంది మగవాళ్లకు డబ్బా ఎక్కడుందో తెలియదు. పుట్టినప్పటి నుంచి అలాంటి ఇళ్లలోనే తిరిగిన నాకు ఆ ప్రశ్న తోచకపోవడం ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఆ తర్వాత నేను చేరిన రెండు కంపెనీల్లోనూ ఈ ప్రశ్న పెట్టించాను. మీరు చేరే చోట కూడా పెట్టించండి.

అంకుల్ బాగున్నాడు. స్కేల్‌లో బ్యాటరీ ఉంది. ఆంటీ రోజూ పొద్దున ఆయన పక్కనే నిలబడి బరువు చదివి, క్యాలెండర్ మీద రాస్తుంది. మాత్రల డబ్బా ఎక్కడుందో ఆయనకు చూపించింది. మరుసటి వారమే ఎక్కడ పెట్టాడో మర్చిపోయాడట.

పరీక్ష ముగిసి, ఎవరికి ఏది వెళ్లిందో చెప్పే జాబితా తెరిచిన రోజున సూపర్‌వైజర్ నన్ను పిలిచింది. ఫలితాల సంగతి రాయాల్సినవాళ్లు రాశారు, అది నాది కాదు. బల్ల మీద మూడు కప్పులు, సీలు వేసిన కవరు, ఆ జాబితా ఉన్నాయి. కెటిల్ లోపలికి వచ్చేసింది. ఇక లెక్కపెట్టడానికి ఏమీ లేదు కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. సూపర్‌వైజర్ కవరు చించి నోట్‌బుక్కు నాకిచ్చింది. చైనా ఆవిడ జాబితాలోంచి చదువుతుంటే నేను ఒక్కొక్కటీ టిక్కో, అడ్డగీతో పెట్టుకుంటూ వచ్చాను.

అంకుల్ నంబరు ఇరవై ఆరో వరస. నేను 'డ' అని రాసుకున్నాను. ఆవిడ చదివింది: అసలు మందు.

వంటింట్లో నోరు తెరిచి నిలబడ్డ ఆ క్షణం గుర్తొచ్చింది. అడ్డగీత పెట్టాను. ఆవిడ ఆగింది. నా కప్పులో టీ పోసి, తర్వాతి నంబరు చదివింది.

చివరి దాకా అయ్యాక టిక్కులు లెక్కపెట్టాను.

మొత్తం నలభై. సరైనవి పంతొమ్మిది.